సంయుక్త ప్రవచనాలు, సత్య పట్టికలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విడి వాక్యాలు సత్యమైనప్పుడు, అసత్యమైనప్పుడు వాటిని కలిపి చెప్పిన వాక్యం ఏమవుతుందో వరుసగా చూపించేది సత్య పట్టిక. దాన్ని గీయడం ఒక్క పూటలో ఎవరికైనా వచ్చేస్తుంది. తప్పులు దొర్లేది అంతకంటే ముందు, మాటల్లో ఉన్న వాక్యాన్ని గుర్తుల్లోకి దించేటప్పుడు. అందుకే ఈ ప్రశ్నల్లో చాలావరకు గళ్ళ గురించి కాకుండా ‘లేదా’, ‘అయితే’, ‘అయితేనే’ లాంటి మాటల చుట్టూ తిరుగుతాయి. బీటెక్‌లో డిస్క్రీట్ మ్యాథ్స్ చదివేవాళ్ళకీ, గేట్‌కి ప్రిపేరయ్యేవాళ్ళకీ, పాత సిలబస్ పదో తరగతిలో ‘ప్రవచనాలు, సమితులు’ చదివి ఎప్పుడో మరిచిపోయినవాళ్ళకీ ఇవి పనికొస్తాయి. పట్టికల్లో ‘స’ అంటే సత్యం, ‘అ’ అంటే అసత్యం. వాక్యాలకు పి, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టుకుందాం.

ప్రతి వాక్యమూ ప్రవచనమేనా?

కాదు. సత్యమో అసత్యమో రెండింటిలో ఏదో ఒకటి మాత్రమే అయ్యే వాక్యం ప్రవచనం. ‘కృష్ణా నది మహాబలేశ్వరం దగ్గర పుట్టింది’ ప్రవచనమే, సత్యం కూడా. ‘గోదావరి అరేబియా సముద్రంలో కలుస్తుంది’ అన్నదీ ప్రవచనమే, కాకపోతే అసత్యం. ‘తలుపెయ్’, ‘ఎన్నింటికొస్తావ్?’, ‘అబ్బ, ఏం ఎండలు!’ ఇవేవీ ప్రవచనాలు కావు. ‘ఎక్స్ + 3 = 10’ కూడా ఎక్స్ ఎంతో చెప్పేదాకా ప్రవచనం కాదు.

అది నిజమో కాదో మనకు తెలిసి ఉండాలన్న రూలు మాత్రం లేదు. ‘2 కంటే పెద్దదైన ప్రతి సరిసంఖ్యనూ రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయవచ్చు’ అని 1742లో గోల్డ్‌బాక్ ఊహించాడు. ఇప్పటికీ ఎవరూ రుజువు చెయ్యలేదు, తప్పని చూపించనూ లేదు. అయినా అది ప్రవచనమే.

సంయోజకాలు ఎన్ని? వాటి పట్టికలు ఒక్కచోట ఇవ్వగలరా?

ప్రవచనాలను కలిపే లేదా మార్చే మాటలే సంయోజకాలు, వాటితో కట్టిన ప్రవచనం సంయుక్త ప్రవచనం. మామూలుగా వాడేవి ఐదు. ‘కాదు’కు ~, ‘మరియు’కు ∧, ‘లేదా’కు ∨, ‘అయితే’కు →, ‘అయితే, అయితేనే’కు ↔. మొదటిది ఒక్క వాక్యం మీదే పనిచేస్తుంది, సత్యాన్ని అసత్యంగా, అసత్యాన్ని సత్యంగా తిప్పేస్తుంది. మిగతా నాలుగూ ఇవి:

| పి | క్యూ | పి ∧ క్యూ | పి ∨ క్యూ | పి → క్యూ | పి ↔ క్యూ |
|---|---|---|---|---|---|
| స | స | స | స | స | స |
| స | అ | అ | స | అ | అ |
| అ | స | అ | స | స | అ |
| అ | అ | అ | అ | స | స |

బట్టీ పట్టాలనుకుంటే తేడాగా ఉన్న గడి ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. ∧ ఒక్కచోటే సత్యం, ∨ ఒక్కచోటే అసత్యం, → ఒక్కచోటే అసత్యం. ↔ కి రెండు వైపులా ఒకేలా ఉండాలి.

‘కానీ’, ‘అయినా’ అని ఉంటే ఏ గుర్తు వాడాలి?

∧ వాడాలి. ‘వాడు తెలివైనవాడే కానీ బద్ధకస్తుడు’ అన్నప్పుడు మన మనసులోని నిట్టూర్పు పట్టికకు పట్టదు. దాని దృష్టిలో రెండు సంగతులు చెప్పారు, రెండూ నిజం కావాలి, అంతే.

పట్టికలో ఎన్ని అడ్డు వరుసలుండాలి? ఏ క్రమంలో రాయాలి?

విడి ప్రవచనాలు రెండైతే 4, మూడైతే 8, నాలుగైతే 16. ఒక్కో ప్రవచనం కలిసినకొద్దీ వరుసలు రెట్టింపవుతాయి. సంయోజకాల సంఖ్యకూ వరుసల సంఖ్యకూ సంబంధం లేదు. పి పదిసార్లు కనిపించినా అది ఒక్క ప్రవచనమే.

మూడింటికి రాసేటప్పుడు పి కింద నాలుగు ‘స’లు, తర్వాత నాలుగు ‘అ’లు రాయండి. క్యూ కింద రెండేసి చొప్పున, ఆర్ కింద ఒకటి విడిచి ఒకటి మార్చుతూ రాయండి. ఏ క్రమంలో రాసినా లెక్క తప్పు కాదు. కానీ తోచినట్టు రాసుకుంటూ పోతే ఒక వరుస రెండుసార్లు రావడం, ఇంకోటి మొత్తానికే ఎగిరిపోవడం ఖాయం.

పెద్ద సూత్రం చూస్తే టెన్షన్ వస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

పట్టిక గీయకముందే ‘అన్నిటికంటే చివర చెయ్యాల్సిన సంయోజకం ఏది?’ అని వెతకండి. దాన్నే ప్రధాన సంయోజకం అంటారు. ఆఖరి నిలువు వరుస దానిదే, జవాబూ అదే. ((పి → క్యూ) ∧ ~క్యూ) → ~పి తీసుకోండి. బయటి బ్రాకెట్ మూసుకున్నాక వచ్చే బాణమే ఇక్కడ ప్రధానం. దానికి ఎడమ పక్కన ఉన్నదంతా ఒక ముక్క, కుడి పక్కన ~పి ఇంకో ముక్క. లోపలి నుంచి బయటికి వస్తాం:

| పి | క్యూ | పి → క్యూ | ~క్యూ | ఎడమ ముక్క | ~పి | మొత్తం |
|---|---|---|---|---|---|---|
| స | స | స | అ | అ | అ | స |
| స | అ | అ | స | అ | అ | స |
| అ | స | స | అ | అ | స | స |
| అ | అ | స | స | స | స | స |

చివరి నిలువు వరుసంతా సత్యం. ఇలాంటివాటిని టాటాలజీ అంటారు. అంతా అసత్యమైతే కాంట్రడిక్షన్, రెండూ కలిసి వస్తే కంటింజెన్సీ.

షరతే తప్పయినప్పుడు పి → క్యూ సత్యం ఎలా అవుతుంది? ఇది అన్యాయం కదా!

అన్నిటికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిన ప్రశ్న కూడా.

రైల్లో టీటీఈ చూసే రూలు తీసుకోండి: ‘రిజర్వేషన్ బోగీలో కూర్చుంటే రిజర్వేషన్ టికెట్ ఉండాలి.’ విజయవాడ స్టేషన్‌లో నలుగురున్నారు. ఒకాయన స్లీపర్‌లో కూర్చున్నాడు, టికెట్ ఉంది. రెండో ఆయన స్లీపర్‌లోనే ఉన్నాడు, టికెట్ లేదు. మూడో ఆయన దగ్గర రిజర్వేషన్ టికెట్ ఉంది కానీ జనరల్ బోగీలో ఉన్న చుట్టాలతో కబుర్లు చెబుతూ అక్కడే కూర్చున్నాడు. నాలుగో ఆయన ప్లాట్‌ఫామ్ మీద ఇడ్లీలు అమ్ముకుంటున్నాడు, ఏ టికెట్టూ లేదు. రూలు మీరింది ఎవరు? రెండో ఆయన ఒక్కడే. ఇడ్లీలాయన దగ్గరకెళ్ళి ఫైన్ రాసే టీటీఈని ఎక్కడా చూడం. పట్టికలో → కింద ఒకే ఒక్క ‘అ’ ఉన్నది అందుకే.

‘రూలు మీరలేదంటే నిజమని ఎలా అవుతుంది? ఏదీ కాదనొచ్చుగా’ అని మళ్ళీ అడుగుతారు. అడగొచ్చు. కానీ ఇక్కడ మూడో గడి లేదు, సత్యం కాకపోతే అసత్యమే. పైగా గణితానికి ఈ పట్టికే కావాలి. ‘ఏ సంఖ్యనైనా 4 నిశ్శేషంగా భాగిస్తే, 2 కూడా భాగిస్తుంది’ అన్నది నిజమని అందరం ఒప్పుకుంటాం. ఏ సంఖ్యకైనా అంటే ప్రతి సంఖ్యకూ అది సత్యం కావాలి. 8 పెడితే షరతూ ఫలితమూ రెండూ సత్యం. 6 పెడితే షరతు అసత్యం, ఫలితం సత్యం. 7 పెడితే రెండూ అసత్యం. ఈ మూడు వరుసల్లో ఏ ఒక్కదానికి ‘అ’ వేసినా, ఒప్పుకున్న వాక్యం తప్పైపోతుంది. షరతు సత్యం, ఫలితం అసత్యం అయ్యే సంఖ్య ఎంత వెతికినా దొరకదు.

ఈ గొడవ ఈనాటిది కాదు. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో మెగారాకు చెందిన ఫిలో అనే గ్రీకు తార్కికుడు సరిగ్గా ఈ పట్టిక చెప్పినట్టే వాదించాడు, ఆయన గురువు డయొడోరస్ ఒప్పుకోలేదు. ఏ షరతు వాక్యం నిజమో తేల్చుకోలేక ఇళ్ళ కప్పుల మీద కాకులు కూడా కావుకావుమంటున్నాయని కల్లిమాకస్ అనే కవి వెక్కిరించాడట.

ఇది అర్థమైందో లేదో పరీక్షించుకోవడం ఎలా?

1966లో పీటర్ వాసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పజిల్‌ని మన అక్షరాలతో చెయ్యండి. బల్ల మీద నాలుగు కార్డులున్నాయి, పైకి కనిపిస్తున్నవి ఈ, క, 4, 7. ప్రతి కార్డుకు ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న మాట నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తప్పనిసరిగా తిప్పాలి?

ఎక్కువమంది ‘ఈ’, 4 అంటారు. ‘ఈ’ సరే. 4 వెనక హల్లు ఉన్నా రూలుకొచ్చిన నష్టమేమీ లేదు, కాబట్టి దాన్ని తిప్పక్కర్లేదు. తిప్పాల్సింది 7, ఎందుకంటే దాని వెనక అచ్చు ఉంటే మాట తప్పైపోతుంది. మనం వెతికేది ‘స, అ’ వరుసనే. అది బయటపడే వీలున్న కార్డులు ఆ రెండే.

‘అయితే’కీ ‘అయితేనే’కీ తేడా ఏమిటి?

బాణం దిశ తిరగబడుతుంది. ‘వానొస్తే మ్యాచ్ ఆగుతుంది’ అంటే వాన → ఆగడం. ‘వానొస్తేనే మ్యాచ్ ఆగుతుంది’ అంటే ఆగడం → వాన. అంటే మ్యాచ్ ఆగిందంటే వాన వచ్చినట్టే. చిన్నపాటి జల్లుకు ఆగకపోయినా రెండో వాక్యం తప్పు కాదు. వాన లేకుండా లైట్లు పోయి ఆగితే తప్పవుతుంది. రెండు వాక్యాలూ కలిపి చెబితే ↔.

పరీక్షల్లో ‘హాజరు 75 శాతం ఉంటేనే హాల్‌టికెట్ ఇస్తారు’ లాంటి వాక్యం ఇచ్చి గుర్తుల్లో రాయమంటారు. కంగారులో హాజరు → హాల్‌టికెట్ అని రాసేస్తారు. సరైనది హాల్‌టికెట్ → హాజరు. హాజరు ఉండి ఫీజు కట్టనివాళ్ళకు హాల్‌టికెట్ ఇస్తారని ఆ వాక్యం ఎక్కడా చెప్పలేదు.

‘తప్ప’ ఉన్నా ఇదే జాగ్రత్త. ‘ఫీజు కడితే తప్ప హాల్‌టికెట్ రాదు’ అంటే ~ఫీజు → ~హాల్‌టికెట్. అది హాల్‌టికెట్ → ఫీజు అన్నదానితో సమానం.

‘లేదా’ అంటే రెండూ కావచ్చా, ఒక్కటేనా?

తర్కంలో ∨ అంటే కనీసం ఒకటి. రెండూ అయినా సత్యమే. హోటల్లో భోజనం చివర ‘స్వీట్ లేదా ఐస్‌క్రీమ్’ అంటే ఒక్కటే ఇస్తారని మనకు తెలుసు, అది వేరే సంయోజకం. దానికి ఎక్స్‌క్లూజివ్ ఆర్ అని పేరు, రెండింటిలో సరిగ్గా ఒకటే సత్యమైనప్పుడు సత్యం. ↔ నిలువు వరుసలో ‘స’లను ‘అ’లుగా, ‘అ’లను ‘స’లుగా మారిస్తే వచ్చేది అదే. మెట్ల దగ్గర కిందొకటి, పైనొకటి టూవే స్విచ్‌లు పెట్టి ఒకే లైటు వెలిగించడం చూసే ఉంటారు. ఏ స్విచ్ నొక్కినా లైటు స్థితి మారుతుంది. అది ఆ పట్టికే.

ప్రశ్నలో ‘రెండూ కాదు, ఒక్కటే’ అని స్పష్టంగా చెప్పకపోతే ∨ అనే తీసుకోండి.

బ్రాకెట్లు పెట్టకపోతే కొంపలు మునుగుతాయా?

మునుగుతాయి. ఒక ఉద్యోగ ప్రకటనలో ఇలా ఉందనుకోండి: ‘డిగ్రీ మరియు బీఎడ్ లేదా ఐదేళ్ళ అనుభవం.’ డిగ్రీ పి, బీఎడ్ క్యూ, అనుభవం ఆర్. దీన్ని పి ∧ (క్యూ ∨ ఆర్) అని చదవొచ్చు, (పి ∧ క్యూ) ∨ ఆర్ అనీ చదవొచ్చు. ఎనిమిది వరుసలూ వేసి చూడండి:

| పి | క్యూ | ఆర్ | పి ∧ (క్యూ ∨ ఆర్) | (పి ∧ క్యూ) ∨ ఆర్ |
|---|---|---|---|---|
| స | స | స | స | స |
| స | స | అ | స | స |
| స | అ | స | స | స |
| స | అ | అ | అ | అ |
| అ | స | స | అ | స |
| అ | స | అ | అ | అ |
| అ | అ | స | అ | స |
| అ | అ | అ | అ | అ |

తేడా వచ్చింది ఐదో వరుసలో, ఏడో వరుసలో. డిగ్రీ లేకుండా అనుభవం ఉన్నవాళ్ళు వాళ్ళు. మొదటి రకంగా చదివితే అప్లికేషన్ రిజెక్టు, రెండో రకంగా చదివితే అర్హులు. గొడవ ఎవరి విషయంలో వస్తుందో పట్టిక వేలుపెట్టి చూపిస్తుంది. ఏ అర్థం ఉద్దేశించారో మాత్రం ప్రకటన రాసినవాళ్ళే చెప్పాలి.

పుస్తకాల్లో బ్రాకెట్లు లేనప్పుడు ముందు ~, తర్వాత ∧, తర్వాత ∨, ఆ తర్వాత →, చివరికి ↔ అనే క్రమం పాటిస్తారు. అలవాటుకు అది మంచిదే. మీరు రాసేటప్పుడు మాత్రం బ్రాకెట్ పెట్టడానికి పిసినారితనం చూపించకండి.

‘టీ, కాఫీ రెండూ తాగుతాడు’కి వ్యతిరేకం ‘రెండూ తాగడు’ కాదా?

కాదు. ‘రెండూ తాగడు’ అంటే ~పి ∧ ~క్యూ, టీ కూడా ముట్టడు, కాఫీ కూడా ముట్టడు. మనకు కావాల్సింది ~(పి ∧ క్యూ), అది ~పి ∨ ~క్యూ తో సమానం. ‘రెండింటిలో కనీసం ఒకటి తాగడు’ అని చెప్పాలి. అలాగే ~(పి ∨ క్యూ) అంటే ~పి ∧ ~క్యూ. వీటిని డీమోర్గాన్ నియమాలంటారు. ఆ అగస్టస్ డీమోర్గాన్ పుట్టింది మన పక్కనే మదురైలో, 1806లో. పసిబిడ్డగా ఉన్నప్పుడే ఇంగ్లండ్ తీసుకెళ్ళిపోయారు.

ఇంకో తప్పు కూడా ఇక్కడే చెప్పేస్తాను. పి → క్యూ కి వ్యతిరేకం పి → ~క్యూ కాదు. బాణం అసత్యమయ్యే గడి ఒక్కటే కాబట్టి దాని వ్యతిరేకం పి ∧ ~క్యూ. ‘చదివితే పాసవుతావు’ అన్నది తప్పని చూపించాలంటే, చదివి కూడా ఫెయిలైనవాణ్ణి ఒక్కణ్ణి తెచ్చి నిలబెట్టాలి.

కాన్వర్స్, ఇన్‌వర్స్, కాంట్రాపాజిటివ్: ఏది దేనితో సమానం?

పి → క్యూ కి సమానమైనది కాంట్రాపాజిటివ్, అంటే ~క్యూ → ~పి. కాన్వర్స్ క్యూ → పి, ఇన్‌వర్స్ ~పి → ~క్యూ. ఈ రెండూ ఒకదానికొకటి సమానం, అసలు వాక్యానికి మాత్రం కాదు. పట్టిక వేస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది కనుక ఎక్కువ చెప్పను.

ఒక వాదన సరైనదో కాదో పట్టికతో ఎలా తేల్చాలి?

ఇచ్చిన మాటలన్నీ సత్యమైన వరుసలు మాత్రమే చూడండి. వాటిల్లో ఎక్కడా ముగింపు అసత్యం కాకపోతే వాదన చెల్లుతుంది. ఒక్క వరుసలో అసత్యమైనా చెల్లదు.

‘సర్వర్ డౌన్ అయితే హాల్‌టికెట్ డౌన్‌లోడ్ కాదు. డౌన్‌లోడ్ కాలేదు. కాబట్టి సర్వర్ డౌన్.’ రోజూ వినే మాటే. సర్వర్ డౌన్ పి, డౌన్‌లోడ్ కాకపోవడం క్యూ. పి → క్యూ, క్యూ రెండూ సత్యమైన వరుసలు రెండు: (స, స), (అ, స). రెండో దాంట్లో పి అసత్యం, కాబట్టి వాదన నిలవదు. ఆ వరుసను మాటల్లో చెబితే ఫోన్‌లో నెట్ బ్యాలెన్స్ అయిపోయి ఉండొచ్చు, పుట్టిన తేదీ తప్పు కొట్టి ఉండొచ్చు. ‘డౌన్‌లోడ్ అయింది, కాబట్టి సర్వర్ డౌన్ కాలేదు’ అన్నది మాత్రం చెల్లుతుంది, పైన టాటాలజీ అని చూసిన సూత్రమే అది.

వాదన చెల్లడం వేరు, అందులోని మాటలు నిజం కావడం వేరు. పట్టిక మొదటిదే చూస్తుంది.

నాలుగైదు ప్రవచనాలుంటే అన్ని వరుసలూ రాయాల్సిందేనా? షార్ట్‌కట్ లేదా?

ఉంది, గేట్ లాంటి పరీక్షల్లో అదే దిక్కు. సూత్రం అసత్యమని అనుకుని వెనక్కి నడవండి. ((పి → క్యూ) ∧ (క్యూ → ఆర్)) → (పి → ఆర్) టాటాలజీయేనా? కాదనుకుందాం. ప్రధాన బాణం అసత్యమంటే ఎడమ ముక్క సత్యం, కుడి ముక్క అసత్యం. కుడివైపు పి → ఆర్ అసత్యం, కాబట్టి పి సత్యం, ఆర్ అసత్యం. పి → క్యూ సత్యం కావాలి, పి సత్యం, కాబట్టి క్యూ సత్యం. అప్పుడు క్యూ → ఆర్ ‘స, అ’ అయి అసత్యమైంది. అది సత్యం కావాలని కదా అనుకున్నాం. పొసగలేదు. అంటే సూత్రం ఎప్పటికీ అసత్యం కాలేదు, టాటాలజీయే. ఎనిమిది వరుసలు రాసే పని తప్పింది.

వెనక్కి నడిచినప్పుడు ఎక్కడా పేచీ రాకపోతే మీ చేతిలో ఉన్న విలువలే సూత్రం అసత్యమయ్యే వరుస.

సత్య పట్టికను ఎవరు కనిపెట్టారు?

ఒక్కరి ఖాతాలో వెయ్యలేం. సత్యాసత్యాలను బీజగణితంలా లెక్కించవచ్చని జార్జ్ బూల్ 1847లో, 1854లో రాశాడు. అమెరికన్ తార్కికుడు చార్లెస్ పియర్స్ 1893 నాటి రాతప్రతిలో పట్టిక రూపం కనిపిస్తుంది. ఎమిల్ పోస్ట్, లుడ్విగ్ విట్గెన్‌స్టైన్ ఇద్దరూ వేర్వేరుగా 1921లో అచ్చులో వాడాక అందరికీ అలవాటైంది.

కంప్యూటర్ వాళ్ళకు దీంతో పనేమిటి?

1937లో క్లాడ్ షానన్ తన మాస్టర్స్ థీసిస్‌లో, రిలే స్విచ్‌లతో కట్టే సర్క్యూట్లు బూల్ లెక్కలనే పాటిస్తాయని చూపించాడు. చిప్‌లోని గేట్లన్నీ, అంటే ఈ సంయోజకాల పని చేసే చిన్న సర్క్యూట్లన్నీ, ఆ దారినే వచ్చాయి. నాండ్, అంటే ~(పి ∧ క్యూ), అనే ఒక్క సంయోజకంతోనే మిగతావన్నీ కట్టుకోవచ్చు. అలా ఒక్కటి సరిపోతుందని 1913లోనే హెన్రీ షెఫర్ చూపించాడు.

కానీ పట్టిక పద్ధతికి ఒక హద్దుంది. 20 ప్రవచనాలకు 10,48,576 వరుసలు, 30కి 107 కోట్లకు పైనే. ఒక సూత్రాన్ని సత్యం చేసే వరుస ఒక్కటైనా ఉందా అన్న ప్రశ్నకు శాట్ అని పేరు. 1971లో స్టీఫెన్ కుక్ అది ఎన్‌పీ-కంప్లీట్ అని, అంటే జవాబు చేతికిస్తే వేగంగా సరిచూడగల సమస్యల్లో అత్యంత కష్టమైన కోవకు చెందిందని, నిరూపించాడు. ఎలాంటి సూత్రానికైనా దీన్ని వేగంగా తేల్చే పద్ధతి ఉందో లేదో రుజువు చేస్తే పి వర్సెస్ ఎన్‌పీ సమస్య (జవాబును వేగంగా సరిచూడగలిగితే వేగంగా కనిపెట్టనూ గలమా అన్నది; ఇక్కడి పి మన ప్రవచనం కాదు) తేలిపోయినట్టే, దానికి పది లక్షల డాలర్ల బహుమతి ఉంది.

ఎక్సెల్‌లో పట్టిక వేసుకుని సరిచూసుకునేవాళ్ళకు ఒక మాట: అందులో బాణానికి ఫంక్షన్ లేదు. పి → క్యూ బదులు ~పి ∨ క్యూ రాసుకోండి, రెండూ సమానం.

డేటాబేస్‌లో ‘నల్’ (విలువ నింపని ఖాళీ గడి) వస్తే పట్టిక తప్పుతోందేమిటి?

డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో సత్యం, అసత్యంతో పాటు ‘తెలియదు’ అనే మూడో విలువ ఉంది. అందుకే రెండు ప్రవచనాలకు 4 కాదు, 9 వరుసలు. ‘తెలియదు ∧ అసత్యం’ అసత్యమే, ఎందుకంటే తెలియనిది ఏదైనా ఫలితం మారదు. ‘తెలియదు ∨ సత్యం’ సత్యం. ‘తెలియదు ∨ ~తెలియదు’ మాత్రం తెలియదు గానే మిగులుతుంది. రెండు విలువల తర్కంలో టాటాలజీ అయిన పి ∨ ~పి ఇక్కడ టాటాలజీ కాదు.

పట్టిక చెయ్యలేని పనేదైనా ఉందా?

‘అందరూ’, ‘కొందరు’, ‘ఎక్కడెక్కడ’ లాంటి మాటలొస్తే చేతులెత్తేస్తుంది. మన తర్కశాస్త్రంలో పేరున్న ఉదాహరణ చూడండి: ఎక్కడెక్కడ పొగ ఉందో అక్కడక్కడ నిప్పుంది. ఆ కొండ మీద పొగ ఉంది. కాబట్టి కొండ మీద నిప్పుంది. ఈ మూడు వాక్యాలకు పి, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టి పట్టిక వేస్తే ‘స, స, అ’ వరుస వచ్చి వాదన చెల్లదంటుంది. తప్పు వాదనది కాదు. మొదటి వాక్యం లోపల ఉన్న ‘ఎక్కడెక్కడ’ పట్టికకు కనిపించదు. దానికి ఇలాంటి మాటలను కూడా గుర్తుల్లో పెట్టే ఫస్ట్ ఆర్డర్ లాజిక్ కావాలి.

పరీక్షలో మధ్యలో ఉన్న నిలువు వరుసలన్నీ చూపించాలా?

చూపించండి. ఒక గడి తప్పు పడినా పద్ధతికి మార్కులు వచ్చే అవకాశం ఉంటుంది. ఆఖరి నిలువు వరుస చుట్టూ గీత గీసి, కింద టాటాలజీయో కాంట్రడిక్షనో ఒక్క వాక్యంలో రాయండి. సమానమని నిరూపించమంటే ఆ రెండు నిలువు వరుసలనూ పక్కపక్కన వచ్చేలా వేస్తే పేపర్ దిద్దేవాళ్ళకూ సుఖం. జేఈఈ మెయిన్ రాసేవాళ్ళకు ఈ బెంగ లేదు, ఈ పాఠం ఉండే మ్యాథమెటికల్ రీజనింగ్‌ను 2024 నుంచి ఆ సిలబస్‌లో తీసేశారు. గేట్ కంప్యూటర్ సైన్స్‌లో మాత్రం ప్రపొజిషనల్ లాజిక్, అంటే ఈ ప్రవచనాల తర్కం, ఉంది.